మాతృదోషమా?

మన గృహములలో శిశుజననమైనంతనే అందఱు నడుగు మొదటి ప్రశ్న ఆడబిడ్డయా, మగబిడ్డయా యనునది. ఆ శిశువు తక్కిన శిశువులవలె లేదని వైద్యులు చెప్పినచో, పిమ్మట బయలుదేఱు ప్రశ్న మఱియొకటి. అది, తల్లి యేమి చేసినదని. గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదా? తినరాని దేదైన తిన్నదా? పెద్దల మాట జవదాటినదా? పూర్వజన్మమున నే పాపము చేసినదో! పురిటిమంచము దిగకమున్నే బాలింత యిన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలసి వచ్చుచున్నది. జవాబు దొఱకక, తుదకు తప్పు తనదేయని మనస్సున నొప్పుకొని, జీవితాంతము కుములుచున్నది. తండ్రిని మాత్ర మెవ్వరు నడుగరు.

ఈ ప్రశ్నకు శాస్త్రము రెండు విధముల సమాధానము చెప్పినది. ఒకటి క్రోమోజోముల హెచ్చుతగ్గులవలన గలుగు పుట్టువ్యాధులకు సంబంధించినది. రెండవది పాదరసముచే విషమెక్కిన చేపలవలన గర్భస్థ శిశువులకు గలిగిన వ్యాధికి సంబంధించినది. మొదటిది ఐరోపాఖండమునను, రెండవది జపానుదేశమునను వెల్లడియైనవి. రెండింటి రహస్యమును 1956 మొదలు 1959 వఱకు గల నాలుగేండ్లలోనే చాలవఱకు బయటపడుట విశేషము. ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తల్లిపై మోపబడు నింద యెంతవఱకు న్యాయమో మనకు తేటపడును. కావున మేము చదివి తెలిసికొన్నంతవఱకు విన్నవించుచున్నాము.

క్రోమోజోముల లెక్క

మన దేహము కోట్లకొలది జీవకణములతో నేర్పడినది. కణము నడుమ సన్నని దారపు పోగులవంటివి కొన్ని యుండును. వానినే క్రోమోజోములందురు. ఇల్లు కట్టు మేస్త్రికి పటమెట్టిదో, శిశుదేహనిర్మాణమున కివి యట్టివి. తల్లినుండి 23, తండ్రినుండి 23, వెరసి 46 క్రోమోజోములు సామాన్యముగ మనుజులకు గలవు. ఈ లెక్క 48 అని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మియుండిరి. స్వీడను దేశములోని లుండ్ నగరమున జో హిన్ తిజియో, ఆల్బర్ట్ లెవాన్ అను నిరువురు సరిగా లెక్కించి, 46 అని 1956లో ప్రకటించిరి.

లెక్క తెలిసిన మూడేండ్లకే దాని ప్రయోజనము కనబడెను. డౌన్ సిండ్రోమ్ అని యిప్పుడు పిలువబడు స్థితిని జాన్ లాంగ్డన్ డౌన్ అను ఆంగ్లవైద్యుడు 1866లోనే వర్ణించియుండెను. కాని కారణము తెలియదు. తల్లిదండ్రుల క్షయరోగము మొదలగునవి కారణములని వైద్యులు సైతము తలచుచుండిరి. పారిసు నగరమున త్రుస్సో ఆసుపత్రిలో మార్త్ గోతియే అను వైద్యురాలు, అమెరికాలో తాను నేర్చి వచ్చిన విధమున జీవకణములను గాజుపాత్రలలో పెంచుట కొక చిన్న ప్రయోగశాల నేర్పరచెను. కావలసిన ద్రవ్యములు లేనప్పుడు తన రక్తమునే తీసి వాడుకొనెనట! డౌన్ సిండ్రోమ్ గల బిడ్డల కణములలో 46కు బదులు 47 క్రోమోజోములు కనబడెను. 21వ జత యుండవలసినచోట మూడున్నవి. ఈ సంగతి 1959 జనవరిలో లెజూన్, గోతియే, తుర్పాన్ అను మువ్వురి పేర ప్రకటింపబడెను. ఆ పత్రమున నామె పేరు తప్పుగ నచ్చుపడెను. పిదప పెక్కేండ్లు కీర్తి యంతయు లెజూన్ గారికే దక్కెను. ఆమె 2022లో కీర్తిశేషురాలైనది. తల్లులపైనున్న నిందను తొలగించుటకు తోడ్పడిన స్త్రీకే ఖ్యాతి యంత యాలస్యముగ లభించుట గమనింపదగినది.

తరువాత 1960లో 18వ జతయందును, 13వ జతయందును నిట్లే మూడేసి యుండుటవలన గలుగు మఱింత తీవ్రమైన వ్యాధులు తెలియవచ్చెను. లెక్క హెచ్చుటయే కాదు, తగ్గుటయు గలదు. టర్నర్ సిండ్రోమ్ అనుదానియందు ఆడపిల్లలకు రెండుండవలసిన ఎక్స్ క్రోమోజోములలో నొకటియే యుండుట సామాన్యము.

ఇది యెట్లు జరుగును? స్త్రీ యండములు ఆమె తన తల్లిగర్భమున నున్నప్పుడే యేర్పడును. అనగా నేడు మన యొడిలోనున్న శిశువునకు మూలమైన యండము అమ్మమ్మ గర్భముననే రూపొందినది. ఆ యండములు విభజన నారంభించి, నడుమ నాపి, యేండ్ల తరబడి నిద్రించినట్లుండి, యుక్తవయస్సు వచ్చిన పిదప నెలనెల మేలుకొనును. జతలు విడిపోవలసిన యా సమయమున నొక జత విడిపోక యొకే ప్రక్కకు పోయినచో, అండములో నొక క్రోమోజోము మిక్కిలియగును. అప్పుడప్పుడు పురుషుని బీజకణములయందును నిట్లే జరుగును. ఇందు తల్లి చేసినది లేదు. చేయక మానినదియు లేదు.

వయస్సుతో నిట్టి పొరపాటు హెచ్చుట సత్యము. 25 ఏండ్ల తల్లులకు సుమారు 1,250 కాన్పులలో నొకటి, 40 ఏండ్ల తల్లులకు సుమారు 100 కాన్పులలో నొకటి చొప్పున డౌన్ సిండ్రోమ్ శిశువులు జన్మించుచున్నారు. అయినను చిన్నవయస్సు తల్లులకే కాన్పులెక్కువ గనుక నీ బిడ్డలలో పెక్కుమంది వారికే కలుగుచున్నారు. ఇంకొక ముఖ్యవిషయము: తొలి మూడు మాసములలో గర్భస్రావమగువానిలో సుమారు సగము క్రోమోజోముల లోపమువలననే యగుచున్నవి. నీళ్లబిందె యెత్తినదనియు, మెట్లెక్కినదనియు నెందఱు స్త్రీలు నిష్కారణముగ నిందపడిరో యోజింపుడు. నూటికి మూడు నాలుగు డౌన్ సిండ్రోమ్ బిడ్డల విషయమున మాత్రము మిక్కిలియైన క్రోమోజోము మఱియొకదానికి అంటుకొనియుండును. అట్టియెడల తల్లికి గాని తండ్రికి గాని రక్తపరీక్ష చేయించి, తరువాతి కాన్పునుగూర్చి వైద్యుల సలహా పొందవలెను.

మా వారు ఉపాధ్యాయులగుటచే మేమెఱిగిన బాలుడొకడు గలడు. వానికి ఏడేండ్లు. అక్షరములు మెల్లగా వచ్చుచున్నవి. కాని పాట యొకసారి విన్నచో మఱవడు. ప్రతి ప్రొద్దుట బడిగంట కొట్టుట వాని పని. ఆ పని నొక్కనాడును తప్పడు. వాని నాయనమ్మ మాత్రము, కోడలు గ్రహణమునాడు బెండకాయలు తఱుగుటచేతనే యిట్లైనదని యేడేండ్లుగ నందఱితోను చెప్పుచుండెను. ఒకనాడు మేము, "పిన్నిగారూ, ఆ గ్రహణము మీ కోడలికి ఐదవ నెలలో గదా వచ్చినది? ఈ బిడ్డ లెక్క కడుపున పడినప్పుడే నిర్ణయమైపోయినది" అని విడమర్చి చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే మా కోడలి తప్పు లేదంటావా, తల్లీ?" అని యడిగినది. కోడలు తలుపు చాటున నిలిచి వినుచుండెను.

మినమాట అఖాతము

ఇక రెండవ వృత్తాంతము. జపానుదేశమునకు దక్షిణమున క్యూషూ ద్వీపములో కుమమోటో మండలమున మినమాట యను పట్టణము గలదు. దాని యెదుటనున్న సముద్రము తరంగములు లేని శాంతసముద్రము. చేపలకు పెట్టినది పేరు. తీరమున బెస్తవారికి చేపయే యన్నము, చేపయే కూర. అచ్చట చిస్సో యను సంస్థ 1908లో కర్మాగారము నెలకొల్పెను. 1932 మొదలు పాదరసము సాయమున ఎసిటాల్డిహైడ్ అను రసాయనమును తయారుచేయుచు, వ్యర్థజలమును అఖాతములోనికి విడిచిపెట్టుచు వచ్చెను. ఆ జలమునందు మిథైల్ పాదరసము గలదు. పాదరసము యొక్క రూపములలో నిది మిక్కిలి ఘోరమైనది. నీటిలోని సూక్ష్మజీవులు దీనిని గ్రహించును. వానిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు తినును. ఒక్కొక్క మెట్టున విషము కూడుకొనుచు పోవును. ఇది చేప మాంసమునందే పట్టియుండును గనుక ఎంత కడిగినను, ఎంత యుడికించినను పోదు. రుచియందు గాని వాసనయందు గాని భేదము తెలియదు.

మొదట చేపలు చచ్చి తేలెను. ఆకాశమున నెగురు కాకులు పడిపోవుచుండెను. పిల్లులు గిఱగిఱ తిరిగి సముద్రములో పడి చచ్చుచుండెను. పిమ్మట మనుష్యుల వంతు వచ్చెను. చేతులు తిమ్మిరియెక్కుట, మాట తడబడుట, చూపు కుదించుకొనిపోవుట, వణకు, మూర్ఛ, మరణము. కర్మాగారపు వైద్యశాలకు అధికారియైన హోసోకావా హజిమే అను వైద్యుడు ఈ వింతవ్యాధి సంగతి నారోగ్యశాఖకు తెలియజేసిన దినము 1956 మే 1. అంటువ్యాధియని భయపడి యిరుగుపొరుగువారు రోగుల యిండ్లకు పోవుట మానిరి.

కుమమోటో విశ్వవిద్యాలయమువారు 1959లో దీనికి కారణము చేపలలోని పాదరసమని తేల్చిరి. అదే సంవత్సరమున హోసోకావా గారు కర్మాగారపు వ్యర్థజలమును పిల్లి యాహారమున కలిపి పరీక్షింప, ఆ పిల్లికి నిదే రోగము వచ్చెను. సంస్థవా రీ సంగతి దాచిరి. ఆయన 1970లో మరణశయ్యపై నుండి న్యాయస్థానమువారికి సాక్ష్యమిచ్చిన పిదప గాని దాని వివరము లోకమునకు స్పష్టపడలేదు. ఎసిటాల్డిహైడ్ తయారీ 1968 వఱకు నాగలేదు. అనగా కారణము తెలిసిన తరువాత తొమ్మిదేండ్లు విషజలము ప్రవహించుచునే యుండెను. జపాను ప్రభుత్వము 1968 సెప్టెంబరులో దోషము కర్మాగారముదేయని యంగీకరించెను. 1973లో న్యాయస్థానము రోగుల పక్షమున తీర్పు చెప్పెను.

తల్లులకు దీనితో గల సంబంధ మిట్టిది. ఆ పల్లెలలో 1955 ప్రాంతమునుండి పుట్టిన శిశువులలో కొందఱు మెడ నిలుపలేక, నడువలేక, మాటలు రాక యుండిరి. చేప నోట పెట్టని పసికందులు! కావున వీరిది మినమాట వ్యాధి కాదు, మెదడుకు సంబంధించిన వేఱొక పుట్టువ్యాధి యని వైద్యులు తీర్మానించిరి. మావి కోటగోడవంటిది, తల్లి దేహములోని విషమును బిడ్డకు చేరనీయదని యానాటి శాస్త్రవిశ్వాసము. భారతమున అభిమన్యుడును, భాగవతమున ప్రహ్లాదుడును తల్లిగర్భమున నుండియే బయటి మాటలు వినిరని మనము బాల్యమునుండి వినుచున్నాము. బయటి లోకము గర్భమునకు దూరము కాదను తలంపు మన కథలలో గలదు. పాఠ్యగ్రంథములలో మాత్ర మానాటికి లేదు.

హరాదా మసజుమి యను యువవైద్యుడు 1961లో ఆ పల్లెలకు పోయి, యొకే యింట నిరువురు అన్నదమ్ములను చూచెను. ఇరువురి లక్షణములు నొకటే. పెద్దవానిది మినమాట వ్యాధి, చిన్నవానిది కాదు అని వైద్యుల నిర్ణయము. ఆయన తల్లిని ప్రశ్నింపగా, చిన్నవాడు చేప తినలేదు గాని వాడు కడుపున నున్నప్పుడు తాను తిన్నాననియు, ఆ విషమే వానికి చేరినదనియు నామె చెప్పెను. వైద్యవిద్య చదువని యా పల్లెపడుచు మాటయే నిజమైనది. మరణించిన బిడ్డల మెదడులను పరీక్షించిన మీదట, 1962లో ఈ శిశువులది తల్లిగర్భముననే సోకిన మినమాట వ్యాధి యని యధికారులు ఒప్పుకొనిరి. మిథైల్ పాదరసము దేహమునకు వలయు పోషకద్రవ్యమువలె వేషము వేసికొని మావిని దాటును. తల్లి రక్తముకంటె బొడ్డుత్రాటి రక్తముననే యది హెచ్చుగ నుండును. అందుచేతనే తల్లికి స్వల్పబాధ మాత్రమే యుండగా బిడ్డ దారుణముగ దెబ్బతినెను. తన విషమును తాను పీల్చుకొని తన్నును, తరువాతి బిడ్డలను కాపాడిన భాగ్యమని యొక తల్లి అట్టి కూతురిని ముద్దుచేసెనని చదివి మేము కంటతడి పెట్టితిమి.

రెండింటికి గల భేదము

క్రోమోజోముల లోపము గర్భము నిలుచువేళకే యేర్పడునది. యెవ్వరును చేసినది కాదు. మినమాట శిశువుల క్రోమోజోములు వేఱుపడినందున వచ్చినది కాదు ఆ వ్యాధి. సరిగా నేర్పడుచున్న మెదడును బయటినుండి వచ్చిన విషము చెఱచినది. చేపలలోని పాదరసమువలన డౌన్ సిండ్రోమ్ కలుగునని రుజువు కాలేదు. స్వీడను దేశపు పరిశోధకులు ఉల్లివేళ్లయందును, చిన్న ఈగలయందును మిథైల్ పాదరసము క్రోమోజోములు విడిపోవుటకు భంగము కలిగించుట కనుగొనిరి. పాదరసము గల చేపలను విశేషముగ తిన్నవారి రక్తకణములలో క్రోమోజోములు విఱిగియుండుట 1970లో ప్రకటించిరి. కాని రక్తకణములోని విఱుపు వేఱు, అండములో జత విడిపోకుండుట వేఱు. రెండింటిని కలగలిపి భయపడరాదు.

ఒకటి యదృష్టవశమున జరిగినది, రెండవది మనుష్యులు చేసిన యపరాధము. మొదటిదాని కెవ్వరిని దండింతుము? రెండవదానికి తల్లిని నిందించి, నీటిని పాడుచేసినవారిని విడిచిపెట్టుదుమా? రెండింటను తల్లి నిర్దోషియే. మొదటియెడ ఆమె యేమియు చేయలేదు. రెండవయెడ తన బిడ్డ పుష్టికై మంచిదని నమ్మిన యాహారమును తిన్నది.

మన కర్తవ్యము

మత్స్యాహారము గల యిండ్లవారు గర్భవతికి చేప మాన్పింపనక్కఱలేదు. చేపలోని మాంసకృత్తులును, మంచి కొవ్వులును శిశువు మెదడునకు మేలుచేయును. పెద్దచేపలను, నితర చేపలను తిని చిరకాలము బ్రతుకు చేపలయందే పాదరసము హెచ్చు. కావున గర్భిణులును, పాలిచ్చు తల్లులును సొరచేపను, కత్తిచేపను, పెద్ద ట్యూనాలను మానుట మంచిది. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు మొదలగు చిన్నచేపలును, రొయ్యలును తక్కువ పాదరసము గలవి. కర్మాగారముల మురుగు కలియు చెఱువులలోను, వాగులలోను పట్టిన చేపను మాత్రము చౌకగ వచ్చినను కొనరాదు. మన దక్షిణదేశముననే కొడైకెనాల్ కొండపై పాదరసముతో జ్వరమాపకములు చేయు కర్మాగారము 2001లో మూతపడినది. పాదరసము కలిసిన వ్యర్థములు బయటపడుటయే కారణము. ఊరి నీటిలోనికి నల్లని మురుగు వచ్చుచున్నదని మొదట గుర్తించునది నీరు తోడు స్త్రీయే. ఆమె మాటను పంచాయతీ వారు వినవలెను.

క్రోమోజోముల విషయమున గర్భము 11 వారములు మొదలు 14 వారముల లోపల చేయు స్కానింగును, రక్తపరీక్షయు సూచన మాత్రమే యిచ్చును. నిర్ణయమునకు వేఱు పరీక్షలు గలవు. 1994 నాటి చట్టము ప్రకార మివి గుర్తింపు పొందిన స్థలములలోనే జరుగవలెను. బిడ్డ ఆడో మగో చెప్పుట నేరము. పరీక్ష చేయించుకొనుటయు, మానుటయు దంపతుల యిష్టము. ఎవ్వరును బలవంతము చేయరాదు.

డౌన్ సిండ్రోమ్ గల శిశువు జన్మించినచో మొదట గుండెను పరీక్షింపించుడు. వీరిలో సుమారు సగము మందికి గుండెలో లోపముండును. పెక్కింటికి శస్త్రచికిత్స గలదు. థైరాయిడు, చెవి, కన్ను పరీక్షింపించుడు. పాలు త్రాగుట ఆలస్యమైనచో నోర్పుతో మాటిమాటికి పట్టుడు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాకేంద్రములలో నిట్టి బిడ్డలకు తొలిదశ చికిత్సాకేంద్రము లేర్పడినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వీరికి చదువునందు హక్కు నిచ్చినది. ఒకప్పుడు బాల్యముననే మరణించుచుండిన యీ బిడ్డలు, సరియైన వైద్యము లభించు దేశములలో నిప్పుడు అఱువదేండ్ల వఱకు జీవించుచున్నారు.

తుదకొక్క మాట. జపానువారు శిశువు బొడ్డుత్రాటిని ఎండబెట్టి చిన్నపెట్టెలో భద్రపఱతురు. మన యిండ్లలోను కొన్నియెడల దానిని తాయెత్తున నుంచి బిడ్డకు కట్టుదురు. మినమాట తల్లులు దాచిన యా బొడ్డుత్రాళ్లను హరాదా గారును, సహచరులును తీసికొని పాదరసము కొలిచిరి. కర్మాగారపు తయారీ హెచ్చిన యేండ్లలో పుట్టినవారి త్రాళ్లయందు పాదరసము హెచ్చియు, తగ్గిన యేండ్లవారియందు తగ్గియు నుండెను. తల్లులు మమకారముతో దాచినదే వారి పక్షమున సాక్ష్యము పలికినది. ఆ యఖాతపు అడుగున పేరుకొన్న విషపు బురదను త్రవ్వి, కొంతభాగమును పూడ్చి 58 హెక్టార్ల నేలగ మార్చు పని 1990 వఱకు సాగినది. పాదరసమును కట్టడి చేయుటకై ప్రపంచదేశములు 2013లో ఏర్పఱచుకొన్న యొడంబడికకు మినమాట పేరే పెట్టిరి. మన దేశము 2018లో దానిని ధ్రువపఱచినది.

సోదరీమణులారా! మీ యింటగాని, పొరుగింటగాని యిట్టి బిడ్డ పుట్టినప్పుడు "తల్లి యేమి చేసినది?" అని యెవరైన నడిగినచో, ఆ ప్రశ్న నచ్చటనే యాపుడు. బాలింత ప్రక్కన కూర్చుండి, బిడ్డను మీ చేతులలోనికి తీసికొని, వైద్యునియొద్దకు పోవుటకు తోడు వత్తునని చెప్పుడు. అప్పుడామెకు కావలసినది అంతియే.